గాలికి పుల్లరి ఎందుకు?

(బి.యస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి)

పల్నాటి గడ్డమీద పుట్టినవాడికి పుల్లరి అంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కరలేదు. అడవి మనది, గడ్డి మనది, గొడ్డు మనది. కాని ఆ గొడ్డు ఆ గడ్డి మేసినందుకు తెల్లదొరకు డబ్బు కట్టాలి. అదీ పుల్లరి. 1921లో మాచర్ల, దుర్గి ప్రాంతాల పల్లెలు ఆ పన్ను కట్టబోమని అడ్డం తిరిగాయి. మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకు నేలకొరిగాడు. ఆయన విగ్రహానికి మనం ఏటా దండలు వేస్తాం, ఉపన్యాసాలు వింటాం, ఇళ్ళకు పోతాం. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం అక్కడే నిలబడి వుంది: అందరిదీ అయినదాని మీద కొందరికే పెత్తనం ఎందుకు?

ఆ ప్రశ్నను నేను యీ వ్యాసంలో అడవి గురించి కాక గాలి గురించి అడగదలిచాను. గాలి అంటే రేడియో తరంగాలు ప్రయాణించే గాలి. మిత్రులు నవ్వుకోవచ్చు. "యీ కాలంలో రేడియో ఏమిట్రా, అందరి జేబుల్లోనూ సెల్‌ఫోను వుండగా!" అని. నవ్వండి, కాని చివరిదాకా చదివి నవ్వండి.

మా తాతగారికి ఆకాశవాణి విజయవాడ కేంద్రమే పత్రిక, అదే బడి, అదే వ్యవసాయాధికారి. ఆ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. పాడిపంటలు కార్యక్రమం వచ్చే వేళకు ఆయన అన్నం పళ్ళెం పక్కన రేడియో పెట్టుకుని కూచునేవాడట. పత్తికి ఏ పురుగు పట్టింది, మిరపకు ఏ మందు కొట్టాలి, రేపు వాన వుందా లేదా అన్నీ అందులోనే తెలిసేవి. ఆ మేలు నేను కాదనను. కాని ఒక సంగతి గమనించండి. మా తాత డెబ్బయ్యేళ్ళు రేడియో విన్నాడు. రేడియో మాత్రం మా తాత మాట ఒక్కరోజు కూడా వినలేదు. అది సాగర్ కుడికాలువ లాంటిది. నీళ్ళు పైనుంచి కిందికి వస్తాయి. ఎప్పుడు వదలాలో, ఎంత వదలాలో పైన కూచున్నవాళ్ళు నిర్ణయిస్తారు. చివరి ఆయకట్టు రైతు గట్టుమీద నిలబడి ఎదురు చూస్తాడు. అతను తన గోడు పైకి పంపాలంటే ఆ కాలువలో దారి లేదు.

1995 ఫిబ్రవరి 9న మన సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. క్రికెట్ మ్యాచీల ప్రసారం మీద వచ్చిన తగాదా అది. జస్టిస్ పి.బి. సావంత్ గారు అందులో, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అనీ, వాటిమీద ప్రభుత్వానికి గాని డబ్బున్నవాడికి గాని గుత్తాధికారం వుండరాదనీ తేల్చారు. కన్నెగంటి అడవి గురించి అన్నమాట డెబ్బయి మూడేళ్ళ తర్వాత కోర్టువారు గాలి గురించి అన్నారన్నమాట!

తీర్పు వచ్చింది గాని మైకు రాలేదు. ఆ మైకు కోసం ముందుగా నిలబడినవాళ్ళు ఎవరో తెలుసా? పట్నంలో చదువుకున్న బాబులు కారు. అప్పటి మెదక్ జిల్లా జహీరాబాదు దగ్గర పస్తాపూర్, మాచనూరు పల్లెల దళిత స్త్రీలు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ కింద వాళ్ళు సంఘాలు పెట్టుకున్నారు. జొన్నా, కొర్రా, సామా విత్తనాలు దాచుకున్నారు. 1998 నాటికే మాచనూరులో ఒక చిన్న స్టూడియో కట్టుకున్నారు. ప్రసారానికి అనుమతి లేదు. అయితేనేం? తమ మాటా పాటా కేసెట్లలో రికార్డు చేసి, ఆ కేసెట్లు పట్టుకుని సంఘాల మీటింగుల్లో వినిపించుకున్నారు. అలా ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు, పదేళ్ళు! విశ్వవిద్యాలయాలకూ విద్యాసంస్థలకూ 2002లో దారి తెరిచిన కేంద్ర ప్రభుత్వం, 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకు కూడా తెరిచింది. 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్‌జ్ మీద సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. ప్రారంభించినవారు అదే జస్టిస్ సావంత్. మైకు ముందు కూచున్నవారు జనరల్ నర్సమ్మ, ఆల్గోలు నర్సమ్మ. ఆ సంస్థను నడిపించిన పి.వి. సతీష్ గారు 2023లో కన్నుమూశారు. రేడియో అంటే శుద్ధమైన ఉచ్చారణ, పెద్ద పెద్ద మాటలు అనుకునే మనకు, ఆ స్త్రీలు తమ యాసలోనే మాట్లాడి సమాధానం చెప్పారు.

ఇక్కడిదాకా అందరూ ఒప్పుకుంటారు. పైగా చప్పట్లు కూడా కొడతారు. ఇప్పుడు అసలు మాటకు వస్తాను. ఇక్కడ చప్పట్లు ఆగిపోతాయని నాకు తెలుసు.

మన తెలుగుదేశంలో మైకు ఇంకా అందని జనం ఎవరు? మాచర్ల రైల్లో మీరంతా వాళ్ళను చూసే వుంటారు. హిజ్రాలు. వాళ్ళ గొంతులో మనం విన్నది మూడే మూడు: చప్పట్లు, దీవెన, తిట్టు. నాలుగోది ఏమైనా వుందేమో మనం ఎన్నడూ అడగలేదు. వాళ్ళు ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, ఏ వూరునుంచి వచ్చారు, వాళ్ళ అమ్మ ఏం చేస్తోంది, యీ కబుర్లు మన చెవిన పడవు. హిజ్రాలే కాదు, మగవాడిని ప్రేమించే మగవాళ్ళు, ఆడపిల్లను ప్రేమించే ఆడపిల్లలు కూడా మన మధ్యనే వున్నారు. మన హాస్టల్లోనే వుండొచ్చు. వాళ్ళకు చప్పట్లు కొట్టే స్వేచ్ఛ కూడా లేదు. నోరు కుట్టుకుని తిరుగుతారు.

2011 జనాభా లెక్కల్లో మగా ఆడా కాక "ఇతరులు" అనే గడిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది నమోదయ్యారు. దాచుకున్నవాళ్ళు దాచుకోగా మిగిలిన లెక్క అది. దేశం మొత్తం మీద ఆ గడిలోని వాళ్ళలో అక్షరం వచ్చినవాళ్ళు నూటికి 46 మంది. మిగతా దేశప్రజల్లో నూటికి సుమారు 74. అంటే సగానికి పైగా బడికి దూరమైనవాళ్ళు. కాదు, బడినుంచి తరిమివేయబడినవాళ్ళు.

చట్టం కూడా తన వంతు పాపం చేసింది. 1871లో బ్రిటిష్‌వారు కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసి ఒక చట్టం తెచ్చారు. అందులోనే హిజ్రాలకూ ఒక భాగం కేటాయించారు. దాన్ని చూసి నిజాం రాజ్యంలో 1919లో, అంటే 1329 ఫసలీలో, ఇంకొక చట్టం వచ్చింది. హిజ్రాల పేర్లు పోలీసులు రిజిస్టరులో రాసుకోవాలి. ఆడవేషంలోనో నగలతోనో బజారులో కనబడితే, లేదా బహిరంగంగా పాడినా ఆడినా, వారంటు లేకుండా అరెస్టు చెయ్యవచ్చు. రెండేళ్ళదాకా జైలు. మిత్రులారా, యీ వాక్యం మళ్ళీ చదవండి. పాడటం నేరం! గొంతు విప్పటమే నేరం! నిజాం పోయాడు, పోలీసు యాక్షన్ వచ్చింది, రాష్ట్రాలు కలిశాయి, విడిపోయాయి. ఆ చట్టం మాత్రం కదలలేదు. 2018లో వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు హైకోర్టుకు ఎక్కారు. 2023 జులై 6న తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. నూటనాలుగేళ్ళు బతికిందన్నమాట ఆ చట్టం.

ఈలోగా ఢిల్లీలో మరి రెండు తీర్పులు వచ్చాయి. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, తాము ఎవరో చెప్పుకునే హక్కు ట్రాన్స్‌జెండర్లకే వుందని చెప్పింది. 2018 సెప్టెంబరు 6న, 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను పెద్దల మధ్య ఇష్టపూర్వకమైన ప్రేమకు వర్తించదని అయిదుగురు న్యాయమూర్తులు తేల్చారు. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ట్రాన్స్‌జెండర్లకు నెలకు 1,500 రూపాయల పింఛను ఆమోదించింది. 2024 జులైలో అది 4,000 అయింది. 2022లో హైదరాబాదు ఉస్మానియా ఆస్పత్రిలో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అనే ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు ప్రభుత్వోద్యోగంలో చేరారు. బాగుంది. కాని యీ కబురు పల్లెకు ఎవరు మోసుకుపోవాలి?

మా పక్కింటి అత్త పత్తి ఏరటానికి మా చేలోకి వస్తుంది. ఆమె కొడుకు నాకంటే రెండేళ్ళు పెద్ద. మెత్తటి గొంతు, మెల్లటి నడక. బడిలో పిల్లలు పెట్టిన పేర్లు ఇక్కడ రాయలేను. పెద్దవాళ్ళు కూడా ఆ పేర్లతోనే పిలిచి నవ్వేవాళ్ళు. పదో తరగతి పరీక్షలు రాయకుండానే వూరు విడిచిపోయాడు. ఇప్పుడు ఏదో పట్నంలో, చీర కట్టుకుని, వేరే పేరుతో వుంటున్నాడు. వుంటోంది అనాలి. తండ్రి ఫోను అందుకోడు. తల్లి మాత్రం వారానికోసారి చేనుగట్టు మీద నిలబడి మాట్లాడుతుంది. మొన్న సంక్రాంతికి నేను ఇంటికి పోయినప్పుడు నన్ను పక్కకు పిలిచి అడిగింది:

"అబ్బాయ్, మావాడి లాంటోళ్ళకి పింఛను ఇస్తన్నారంటగా! ఏ కాయితం కావాలంట? ఆ బడి సర్టిఫికెట్టు మీద పాత పేరుండె. ఎవర్ని అడగాలో తెలీట్లా. అడిగితే నవ్వుతారేమోనని బయం."

ఆ తల్లి భయం చూడండి. పింఛను రాదేమోనని కాదు, నవ్వుతారేమోనని! ఆమెకు చదువు రాదు. సెల్‌ఫోను వుంది గాని అందులో వెతకటం తెలియదు. వెతికితే మాత్రం ఏం వస్తుంది? హిజ్రాల మీద తీసిన వెకిలి వీడియోలు నూరు వస్తాయి. ఏ ఆఫీసుకు పోవాలో, ఏ కాగితం పట్టుకుపోవాలో చెప్పే పది నిమిషాల మాట, ఆమె యాసలో, ఆమె ఒంటరిగా వినగలిగేటట్టు ఎక్కడ వుంది? పత్తిలో గులాబీ పురుగు గురించి చెప్పటానికి రేడియో వుంది. కొడుకు గురించి చెప్పటానికి లేదు. నా వాదం మొత్తం యీ ఒక్క ప్రశ్నలో వుంది.

ఇది మన ఒక్కళ్ళ గొడవే కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం నడుమ ఒక పెద్ద లోయ వుంది. కాలువలు, పత్తి, ద్రాక్ష, టొమాటో. చూస్తే మన ఆయకట్టే అనిపిస్తుంది. అక్కడ చేలల్లో వంగి పనిచేసేవాళ్ళు మెక్సికోనుంచి వచ్చిన కూలీలు, స్పానిష్ మాట్లాడే లాటినోలు. ఆ కూలీల ఇంట్లో పుట్టి హార్వర్డు దాకా చదువుకున్న హ్యూగో మొరాలెస్ అనే ఆయన పెద్ద ఉద్యోగానికి పోకుండా ఫ్రెస్నోకు తిరిగివచ్చి, తోటివారితో కలిసి రేడియో బిలింగ్వే పెట్టాడు. 1980 జులై 4న అది ప్రసారం మొదలెట్టింది. సీజర్ చావెజ్ నాయకత్వంలోని వ్యవసాయ కూలీల ఉద్యమం 1983లో రేడియో కాంపెసీనా పెట్టింది. కాంపెసీనా అంటే పల్లెది, సేద్యగాళ్ళది అని.

అదే రాష్ట్రంలో బర్కిలీ పట్నంలో 1949నుంచి కె.పి.ఎఫ్.ఎ. అనే శ్రోతల చందాలమీద నడిచే రేడియో వుంది. అందులో 1973లో స్వలింగ ప్రేమికులే తయారుచేసిన "ఫ్రూట్ పంచ్" అనే కార్యక్రమం మొదలైంది. తర్వాత రెండేళ్ళకు, 1975లో, పక్కనే శాన్‌ఫ్రాన్సిస్కోలో గే లాటినో అలయన్స్ పుట్టింది. ఎందుకు విడిగా పెట్టుకోవలసి వచ్చింది? తెల్లవాళ్ళ గే సంఘాల్లో వాళ్ళు లాటినోలు కాబట్టి వెనక బెంచీ. లాటినో సంఘాల్లో గేలు కాబట్టి అసలు బెంచీయే లేదు. రెండు పొలాల గట్టుమీద నిలబడినవాడి గతి అది. న్యూయార్కులో సిల్వియా రివేరా అనే ఆమె వుండేది. తండ్రిది పోర్టోరికో, తల్లిది వెనిజులా. 1970లో ఇల్లూవాకిలీ లేని తనలాంటి పిల్లలకు గూడు కల్పించటానికి మార్షా జాన్సన్‌తో కలిసి ఒక సంఘం పెట్టింది. 1973 జూన్‌లో జరిగిన సొంత ఉద్యమపు సభలోనే ఆమెను వేదిక ఎక్కనివ్వలేదు. పెనుగులాడి ఎక్కితే కింద జనం కేకలు వేసి గేలిచేశారు. ఆ గేలిలోనే, జైళ్ళలో తన్నులు తింటున్న తనవాళ్ళ సంగతి మైకులో చెప్పి దిగింది. మైకు ఎవరూ చేతిలో పెట్టరు, అందుకోవాలి. అది ఆ రోజు ఆమె చూపించింది.

మన పక్కనే, తెలుగువాళ్ళు లక్షలమంది వున్న బెంగుళూరులో జైన్ విద్యాసంస్థల రేడియో ఆక్టివ్ 90.4 అనే కమ్యూనిటీ రేడియో వుంది. అక్కడ ప్రియాంక దివాకర్ అనే ట్రాన్స్‌జెండర్ మహిళ మైకు ముందు కూచుని తన కార్యక్రమం తనే నడిపింది. ఒక కాలేజీ రేడియోలో జరిగిన పని అది. కాలేజీ అనే మాట కింద నేను గీత గీస్తున్నాను.

రేడియోయే ఎందుకు అని ఇంకా అడుగుతున్నవారికి సమాధానం చెప్పాలి. మొదటిది, రేడియోకు అక్షరం అక్కరలేదు. రెండోది, రేడియోలో ముఖం కనబడదు. ఇది చిన్న సంగతి కాదు. చూపు దగ్గరే మన దుర్మార్గం మొదలవుతుంది. చీర చూస్తాం, గడ్డం చూస్తాం, నవ్వుతాం. ఆ తర్వాత మాట చెవికెక్కదు. రేడియోలో ముందు మాట వస్తుంది. చెప్పేవాడు దాక్కుని చెప్పవచ్చు. వినేవాడు కూడా దుప్పటి కింద ఒంటరిగా వినవచ్చు. పుస్తకం ఇంట్లో పెట్టుకుంటే ఎవరైనా చూస్తారు. చెవిలో పడ్డ మాటను ఎవరూ పట్టుకోలేరు. మూడోది, వీడియోను నడిపేవాడు ఎక్కడో సముద్రాలకవతల వున్న కంపెనీవాడు. ఏది ఎక్కువమంది చూస్తే దాన్నే పైకి తోస్తాడు. వెకిలితనాన్నే జనం ఎక్కువ చూస్తారు. కమ్యూనిటీ రేడియో వూరిది. తప్పు మాట్లాడితే తెల్లవారి టీకొట్టు దగ్గర నిలదీయవచ్చు.

ఇక అభ్యంతరాలు. నా రూమ్మేట్లే చెప్పారు కాబట్టి వాళ్ళ మాటల్లోనే రాస్తాను.

"ఇది మన సంస్కృతి కాదురా." ఎవరి సంస్కృతి? విరాటుడి కొలువులో ఏడాదిపాటు ఉత్తరకు నాట్యం నేర్పిన బృహన్నల ఎవరు? 1963లో నర్తనశాల సినిమాలో రామారావుగారు ఆ వేషం కడితే మన జిల్లా జిల్లా అంతా విరగబడి చూసింది. బాపట్ల బిడ్డ స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషంలో వస్తే ఆడవాళ్ళే ఆయన్ని చూసి నడక నేర్చుకున్నారని చెప్పుకుంటారు. 1956లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. వాళ్ళు నటులు, వీళ్ళు బతుకే అలా అయినవాళ్ళు. తేడా వుంది, ఒప్పుకుంటాను. కాని వేషానికి హారతి పట్టి, మనిషిని గుమ్మంలోకి రానివ్వకపోవటం ఏం సంస్కృతి? పల్నాటి సంస్కృతి అంటే నాకు తెలిసింది బ్రహ్మనాయుడి చాపకూడు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట కులం చూడకుండా ఒకే చాపమీద కూచోబెట్టి అన్నం పెట్టాడని కారెంపూడిలో ఏటా వీరుల తిరునాళ్ళ చేసుకుంటున్నాం. మాల కన్నమదాసును కొడుకన్న గడ్డ ఇది. ఆ చాపమీద ఇంకొకరికి చోటులేదని ఎవరు చెప్పారు?

"పత్తి రైతు పురుగుమందు తాగి చస్తుంటే నీకు వీళ్ళ గొడవ ఎందుకు?" ఇది నన్ను నిజంగా ఆలోచింపజేసిన ప్రశ్న. మా ఇంట్లో అప్పు ఎంతుందో నాకు తెలుసు. కాని యీ ప్రశ్న అడిగేవాళ్ళు కౌలురైతు గొంతు మాత్రం రేడియోలో వినిపించారా? కౌలుకాగితం లేనివాడూ గుర్తింపుకాగితం లేనివాడూ ఒకే ఆఫీసు గుమ్మం దగ్గర ఒకే చీదరింపు తింటున్నారు. మైకు వస్తే ఇద్దరికీ రావాలి. ఒకడి మాట వినటానికి ఇంకొకడి నోరు మూయాలనేది పెత్తందార్లు మనకు నేర్పిన లెక్క. ఆ లెక్కల్లో పడితే మనలో మనం కొట్టుకుంటూనే వుంటాం.

"ఇది హైదరాబాదువాళ్ళ ఫ్యాషను." హైదరాబాదులో 2013 ఫిబ్రవరిలో మొదటిసారి వూరేగింపు తీశారు, నిజమే. కాని ఆ వూరేగింపులో నడిచినవాళ్ళు ఆకాశంనుంచి వూడిపడలేదు. గురజాలనుంచీ, వినుకొండనుంచీ, ఇలాంటి వూళ్ళనుంచే తరిమితే పోయి పట్నంలో తేలినవాళ్ళు ఎందరో. మనం తరిమేసి, అక్కడ చేరాక "పట్నపు రోగం" అనటం న్యాయమా?

ఇప్పుడు నా ప్రతిపాదన. నేను ఫిజిక్సు విద్యార్థిని కాబట్టి లెక్కతో చెబుతాను. కమ్యూనిటీ రేడియోకు ప్రభుత్వం అనుమతించే ప్రసారశక్తి సాధారణంగా 100 వాట్లు. మా బావిమీద 5 హెచ్.పి. మోటారు 3,730 వాట్లు. అంటే ఒక బావి మోటారులో ముప్పయ్యేడో వంతు! టవరు ఎత్తు 30 మీటర్లకు మించరాదు. 90.4 మెగాహెర్ట్‌జ్ దగ్గర తరంగదైర్ఘ్యం సుమారు 3.3 మీటర్లు. యీ తరంగాలు భూమి వంపువెంట పెద్దగా వంగవు, చూపు సాగినంత దూరమే సాగుతాయి. 30 మీటర్ల ఎత్తుకు లెక్కవేస్తే ఇరవై రెండు కిలోమీటర్ల లోపు. ఇంత తక్కువ శక్తితో వాస్తవంలో పది, పదిహేను అనుకోండి. నరసరావుపేటలో టవరు వేస్తే కోటప్పకొండ దాకా మాట పోతుంది. విద్యాసంస్థలు దరఖాస్తు పెట్టుకోవచ్చని 2002నుంచీ నిబంధన వుంది. దేశంలో ఇలాంటి కేంద్రాలు సుమారు అయిదు వందలకు చేరాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయం బోల్ హైదరాబాద్ నడుపుతోంది. మనకు చేతకాదా?

కాబట్టి రాబోయే విద్యార్థి సంఘం తన మొదటి సమావేశంలోనే, కమ్యూనిటీ రేడియోకు దరఖాస్తు పెట్టాలని యాజమాన్యాన్ని కోరుతూ తీర్మానం చెయ్యాలి. అనుమతి వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూచోనక్కరలేదు. పస్తాపూర్ స్త్రీలు పదేళ్ళు కేసెట్లతో నడిపారు. మన దగ్గర కేసెట్లు కూడా అక్కరలేదు, ఫోనులోనే రికార్డు చెయ్యవచ్చు. నెలకోసారి హాస్టల్ భోజనాల హాల్లో అరగంట వినిపిద్దాం. అందులో ఒక వంతు కౌలురైతులది, ఒక వంతు పత్తి ఏరే కూలీ తల్లులది, ఒక వంతు హిజ్రాలది, వాళ్ళలాంటి మరి కొందరిది. "వాళ్ళ గురించి" కార్యక్రమం కాదు, "వాళ్ళ" కార్యక్రమం. మనం ప్రశ్నలడిగి వాళ్ళచేత ఏడిపించటం కాదు. వాళ్ళే ఏం చెప్పాలో నిర్ణయించుకుని, రికార్డు చేసి, వాళ్ళు సరేనన్నాకే బయటికి రావాలి. పేరు చెప్పాలా వద్దా అన్నది వాళ్ళిష్టం. మిమిక్రీ పేరుతో వాళ్ళ గొంతును వెక్కిరించే అంశం మన వార్షికోత్సవంలో ఇకమీదట వుండరాదు. చేసిన పనికి కూలి ఇవ్వాలి. దీవెనకు పదిరూపాయలిచ్చే మనం, మాటకు వంద ఇవ్వటం నేర్చుకోవాలి.

వినుకొండ వాడు గుర్రం జాషువా 1941లో గబ్బిలం రాశాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది, నలుడికి హంస దొరికింది. అంటరానివాడి కబురు మోయటానికి హంస రాదు, మేఘం ఆగదు. అందుకని గుళ్ళో తలకిందులుగా వేలాడే గబ్బిలాన్ని పిలిచాడు. ఆ జాషువాయే ఆ తర్వాత 1957లో మద్రాసు రేడియో కేంద్రంలో కార్యక్రమ నిర్మాతగా చేరాడు. గబ్బిలాన్ని బతిమాలుకున్న జాతి బిడ్డ రేడియో స్టేషనులో కుర్చీ వేసుకు కూచున్నాడు! పల్నాటివాడికి ఇంతకంటే గర్వకారణం ఏముంది? ఆ కుర్చీ ఒక్కటే కాదు, దాని పక్కన ఇంకా కుర్చీలు వెయ్యాలి.

అడవికి పుల్లరి కట్టనన్న జిల్లా మనది. గాలికి కట్టమని ఎవరూ మనల్ని నేరుగా అడగటం లేదు. కాని మాట్లాడాలంటే ముందు మగవాడిలా గొంతు మార్చుకో, ఆడదానిలా తల వంచుకో, మాలో ఒకడిలా నటించు అని అడుగుతున్నామే, అదే పుల్లరి. వసూలు చేస్తున్నది తెల్లదొర కాదు, మనమే. దాన్ని రద్దు చెయ్యటానికి కోర్టు అక్కరలేదు, చట్టం అక్కరలేదు. రేపు సంఘం ఎన్నికల్లో నిలబడే మిత్రులందరినీ నేను ఒకే ప్రశ్న అడుగుతాను. మీరు కూడా అడగండి: మైకు మీ చేతికొచ్చాక దాన్ని ఎవరికి అందిస్తారు?